బండిని వెనక సీట్లో కూర్చుని ఎంచుకోండి

లగ్జరీ బండి కొనేవాళ్లలో చాలామంది డ్రైవరు సీట్లో కూర్చుని, స్టీరింగు పట్టుకుని, తెర మీద నాలుగు బొమ్మలు చూసి అడ్వాన్సు ఇచ్చేస్తారు. రేపటి నుంచి ఆ బండి వెనక సీట్లలో కూర్చునేది వాళ్లమ్మగారు, ఇంటావిడ, మనవలు. వాళ్లని షోరూముకి తీసుకెళ్లేది మాత్రం డెలివరీ రోజున, కొబ్బరికాయ కొట్టడానికీ ఫొటో దిగడానికీ. అప్పటికి చేసేదేం ఉండదు.

మా బావగారు కొనబోయే బండి మీద మా ఇంట్లో కొంతకాలంగా నడుస్తున్న వాదన ఇది. ఆయనది రాజోలు దగ్గర ఊరు. కొబ్బరితోట, కొంత వరి, కాలువ అవతల రొయ్యల చెరువులు. ఈమధ్య రొయ్య కలిసొచ్చింది. పాత డీజిల్ ఇన్నోవా ఇచ్చేసి పెద్ద బండి కొందామన్నారు. పెట్రోలు ఇంజినూ కరెంటు మోటారూ రెండూ ఉండే హైబ్రిడ్ అయ్యుండాలి, సేఫ్టీ ఉండాలి, అమ్మకి సుఖంగా ఉండాలి, వీధిలో పెడితే నలుగురూ ఆగి చూడాలి. నాలుగోది కొంచెం నెమ్మదిగా అన్నారు. అసలు షరతు అదేనని మా అక్క అభిప్రాయం.

హైదరాబాదులో ఉన్న అల్లుడు జాబితా పంపాడు. లెక్సస్ ఎన్‌ఎక్స్ 350హెచ్, వోల్వో ఎక్స్‌సీ60, మెర్సిడెస్ జీఎల్‌సీ, ఆఖర్న మొహమాటానికన్నట్టు ఇన్నోవా హైక్రాస్. నా ఓటు ఆ ఆఖరి దానికే పడింది. "ఏరా, డెబ్బై లక్షలు పెడితే రాని సేఫ్టీ ముప్పై లక్షలకి వస్తుందా?" అన్నారు బావ. సూటి ప్రశ్న. దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను కాబట్టే ఇదంతా రాస్తున్నాను.

జాబితాలో నాలుగూ హైబ్రిడ్లే అని అల్లుడు రాశాడు గానీ అవి నాలుగూ ఒక జాతి కాదు. ఎక్స్‌సీ60, జీఎల్‌సీ మైల్డ్ హైబ్రిడ్లు. వాటిలో 48 వోల్టుల చిన్న మోటారు ఇంజిన్‌కి చేయందిస్తుంది, ఆగినప్పుడు ఇంజిన్ ఆపి మళ్లీ కుదుపు లేకుండా లేపుతుంది. అంతే. ఆ మోటారు ఒక్కటీ బండిని లాక్కెళ్లదు. ఎన్‌ఎక్స్‌లోనూ హైక్రాస్‌లోనూ ఉన్నది స్ట్రాంగ్ హైబ్రిడ్. మొదటిదానికి 2.5 లీటర్ల పెట్రోలు ఇంజిన్, రెండోదానికి 2 లీటర్లది. పక్కన పెద్ద మోటారు, బ్యాటరీ. వీటిలో మామూలు గేర్లుండవు, క్లచ్చి ఉండదు. ఇంజిన్ శక్తినీ మోటారు శక్తినీ ఒక పళ్లచక్రాల అమరిక కలిపి చక్రాలకు పంచుతుంది. నెమ్మదిగా వెళ్తున్నంతసేపూ చాలావరకు ఇంజిన్ పడుకునే ఉంటుంది. బ్రేకు వేసినప్పుడల్లా పోయే శక్తిలో కొంత తిరిగి బ్యాటరీలోకి చేరుతుంది. గోడకి ప్లగ్గు పెట్టి చార్జింగ్ చేసే పని లేదు.

ఎలక్ట్రిక్ బండి మాట కూడా వచ్చింది. జీఎస్టీ 5 శాతమే, నడుపుకునే ఖర్చు తక్కువ. కానీ 1996 నవంబరు తుఫాను చూసిన కోనసీమ మనిషికి కరెంటు మీద అంత నమ్మకం ఉండదు. బావ ఆ సంగతి రెండు నిమిషాల్లో తేల్చేశారు.

ఇక డబ్బు లెక్క. హైబ్రిడ్ కొంటే పెట్రోలు ఆదా అయి, పెట్టిన డబ్బు వెనక్కొస్తుందని షోరూముల్లో చెబుతారు. ఆ మాట నమ్మి మాత్రం కొనకండి. హైక్రాస్ హైబ్రిడ్‌కి కంపెనీ చెప్పే మైలేజీ లీటరుకి 23.24 కిలోమీటర్లు, అదే బండి మామూలు పెట్రోలుకి 16.13. ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరుగుతారనుకోండి. మొదటిదానికి సుమారు 645 లీటర్లు, రెండోదానికి 930. తేడా 285 లీటర్లు. లీటరు 110 రూపాయలనుకుంటే ఏడాదికి ముప్పై ఒక్క వేలు. రెండు బండ్ల మధ్య ధర తేడా ఐదారు లక్షలు. ఆ తేడా పూడటానికి పదిహేనేళ్లు దాటుతుంది. రోడ్డు మీద ఏ బండీ కంపెనీ చెప్పిన మైలేజీ ఇవ్వదు కాబట్టి ఈ అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి, కథ మాత్రం మారదు. పన్నులో ఉన్న కాస్త మొగ్గు కూడా పోయింది. 2025 సెప్టెంబరు 22కి ముందు పెద్ద ఎస్‌యూవీకి సెస్సుతో కలిపి 50 శాతం పడేది, హైబ్రిడ్‌కి 43. ఇప్పుడు రెండిటికీ 40.

అయినా నేను హైబ్రిడ్డే అంటున్నాను. పొదుపు కోసం కాదు, మా రోడ్ల కోసం. డెల్టాలో బండి నడిచే తీరు వేరు. ముందు కొబ్బరికాయల లారీ, దాని ముందు ధాన్యం ట్రాక్టరు, ఎదురుగా కాలేజీ బస్సు. ముప్పై, నలభైలో పాకుతూ, ప్రతి ఊళ్లో స్పీడు బ్రేకరు దగ్గర ఆగుతూ వెళ్లాలి. డీజిల్ ఆటోమేటిక్ గేర్లు మార్చుకుంటూ పడే అవస్థ వెనక కూర్చున్నవాళ్ల కడుపులో తెలుస్తుంది. స్ట్రాంగ్ హైబ్రిడ్‌కి ఆ ఊపు లేదు. మా అత్తయ్యకి, అంటే బావగారి అమ్మగారికి, పాత బండిలో పాలకొల్లు దాటేలోపు వికారం మొదలయ్యేది. టెస్ట్ డ్రైవుకి తెచ్చిన హైబ్రిడ్‌లో ఆవిడ చించినాడ వంతెన దాటి వెళ్లొచ్చి కూడా కాఫీ అడిగారు. నాకు అంతకంటే పెద్ద సర్టిఫికెట్ అక్కర్లేదు.

ఇంకొకటి ఏసీ. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో ఏసీ కంప్రెసరు కరెంటు మీద నడుస్తుంది. ఇంజిన్ ఆగినా చల్లగాలి ఆగదు. రైల్వే గేటు దగ్గరా, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లే దారిలో కదలని ట్రాఫిక్‌లోనూ ముసలివాళ్లకీ పిల్లలకీ ఇది నిజమైన సుఖం. మసాజ్ సీటు కంటే ఎక్కువ సుఖం.

అయితే ఈ నిశ్శబ్దంలోనే ఒక ప్రమాదం ఉంది. రెడీ అనే లైటు వెలుగుతున్నంతసేపూ బండి బతికే ఉంటుంది, చప్పుడు మాత్రం ఉండదు. పాత ఇన్నోవాకి అలవాటు పడినవాళ్లు బండి ఆగిపోయిందనుకుని దిగిపోతారు. బండి పార్కింగులో పెట్టి లేకపోతే, లోపల పిల్లాడు పెడలు మీద కాలేస్తే చాలు, కదిలిపోతుంది. మూసి ఉన్న షెడ్డులో అలాగే వదిలేస్తే ఇంజిన్ తనంతట తాను లేచి పొగ వదులుతుంది. ఇంట్లో బండి నడిపే ప్రతివాళ్లకీ, మరీ ముఖ్యంగా డ్రైవరుకి, ఈ ఒక్క సంగతి నేర్పాకే తాళం ఇవ్వాలి.

నీళ్ల సంగతీ అంతే. 2022 జులై వరదకి ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, లంకల దారులన్నీ మునిగాయి. అలాంటప్పుడు కాజ్‌వే మీద నీళ్లు చూసి కూడా 'మన బండి ఎత్తుగా ఉందిగా' అని దిగేవాళ్లుంటారు. హైబ్రిడ్ అయితే కరెంటు కొడుతుందేమోనని మా ఊళ్లో భయపడుతున్నారు. ఆ భయం అక్కర్లేదు. పెద్ద బ్యాటరీని బండి ఒంటికి తగలకుండా విడిగా కట్టి ఉంచుతారు, ఏదైనా తేడా వస్తే సరఫరా తెగిపోతుంది. భయపడాల్సింది ఇంజిన్ గురించి. మోటారు మీద నిశ్శబ్దంగా నీళ్లలోకి దిగుతారు. నడుమ ఎక్కడో ఇంజిన్ లేవాలని కంప్యూటరు నిర్ణయిస్తుంది. అది మన చేతిలో లేదు. గాలి పీల్చే గొట్టం నీళ్లలో ఉంటే ఇంజిన్ నీళ్లు తాగుతుంది, లోపల కడ్డీలు వంగుతాయి. ఆ మరమ్మతు మామూలు ఇన్సూరెన్సులో రాదు, ఇంజిన్ ప్రొటెక్ట్ అని విడిగా కట్టించుకోవాలి. డెల్టాలో ఉండి అది తీసుకోకపోవడం తప్పు. నీళ్లలో ఆగిన బండిని మళ్లీ మళ్లీ స్టార్ట్ చేయడం ఇంకా పెద్ద తప్పు.

ఇప్పుడు సేఫ్టీకి వస్తాను. స్టార్ల మీద నాకు గౌరవం ఉంది. బండ్లని గుద్దించి చూసి స్టార్లిచ్చే మన దేశపు పరీక్ష, భారత్ ఎన్‌క్యాప్, 2023 అక్టోబరులో మొదలైంది. హైక్రాస్‌కి 2025లో 5 స్టార్లు వచ్చాయి. ఎక్స్‌సీ60కి 2017లో, ఎన్‌ఎక్స్‌కి 2022లో యూరో ఎన్‌క్యాప్‌లో 5 వచ్చాయి. అయితే ఆ పరీక్షలో ఏం చేస్తారో కూడా చూడండి. భారత్ ఎన్‌క్యాప్‌లో బండిని 64 కిలోమీటర్ల వేగంతో, ముందుభాగంలో ఒక పక్క తగిలేలా, అడ్డంకికి గుద్దిస్తారు. ముందు సీట్లలో రెండు పెద్ద బొమ్మలు, వెనక చైల్డ్ సీట్లలో రెండు చిన్న బొమ్మలు, ఏడాదిన్నర పిల్లవాడంత ఒకటి, మూడేళ్ల పిల్లవాడంత ఒకటి. ఆ ఢీలో వెనక పెద్దమనిషి లేడు. మూడో వరసలో అసలు ఎవరూ లేరు. పిల్లలకిచ్చే స్టార్లు కూడా చైల్డ్ సీటు బిగించి ఇచ్చినవి. ఒళ్లో కూర్చోబెట్టుకున్న మనవరాలికి ఆ స్టార్లతో ఏ సంబంధం లేదు.

వెనక సీటు వెనకబడిందని అమెరికాలో బీమా కంపెనీల డబ్బుతో నడిచే ఐఐహెచ్ఎస్ అనే రోడ్డు భద్రతా సంస్థ గట్టిగానే చెప్పింది. 2007 తర్వాత వచ్చిన మోడళ్లలో, బెల్టు పెట్టుకున్నవాళ్లనే తీసుకుని చూసినా, ముందు సీటు కంటే వెనక సీట్లో ప్రాణం పోయే ప్రమాదం 46 శాతం ఎక్కువని వాళ్లు తేల్చారు. వెనక సీటు పాడైపోలేదు. ముందు సీటు బాగా మెరుగైంది. ముందు బెల్టులకి గుద్దిన క్షణంలో బిగించే ప్రీటెన్షనర్లు, ఛాతీ మీద బరువు పడకుండా కొంచెం వదిలే లోడ్ లిమిటర్లు వచ్చాయి. చాలా బండ్లలో అవి వెనక్కి రాలేదు. అందుకే 2022లో వాళ్లు పరీక్షకి వెనక ఒక బొమ్మని కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. చిన్నపిల్లలకి మాత్రం ఇప్పటికీ వెనక సీటే మంచిది, అందులో మార్పు లేదు.

కాబట్టి షోరూములో సన్‌రూఫ్ ఎంత పొడుగుంది అని కాదు, వెనక బెల్టులకి ప్రీటెన్షనరు, లోడ్ లిమిటరు ఉన్నాయా, మధ్య సీటుకి మూడు చోట్ల పట్టే బెల్టు, తలదిండు ఉన్నాయా, కిటికీల మీదకి తెరలా దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగు మూడో వరస దాకా వస్తుందా అని అడగండి. అమ్మే కుర్రాడికి తెలియకపోతే కనుక్కుని చెప్పమనండి. నేను అడిగినప్పుడు ఒకచోట "సార్, ఈ ప్రశ్న ఎవరూ అడగలేదండీ" అన్నాడు. పాపం, నిజమే చెప్పాడు.

లగ్జరీ పేరుతో అమ్మేవాటిలో నాకు బొత్తిగా నచ్చనిది కాళ్లు చాపుకుని పడుకునే ఒట్టోమన్ సీటు. నా ఓటు పడిన హైక్రాస్ పై వేరియంట్‌లో కూడా అది ఉంది. సంక్రాంతికి హైదరాబాదు నుంచి రాత్రి బయల్దేరి వచ్చేవాళ్లు దాన్ని పూర్తిగా వాల్చి నిద్రపోతారు. వాల్చిన సీట్లో పై బెల్టు ఛాతీకి దూరంగా గాలిలో ఉంటుంది. గుద్దుకుంటే మనిషి బెల్టు కిందుగా ముందుకు జారిపోతాడు. నడుం ఎముక మీద ఉండాల్సిన కింది బెల్టు పొట్ట మీదకెక్కి లోపలి అవయవాలని కోస్తుంది. స్టార్లిచ్చే పరీక్షలు నిటారుగా కూర్చోబెట్టిన బొమ్మలతోనే జరుగుతాయి. పడుకునే సౌకర్యానికి బోలెడు డబ్బు కట్టి, బెల్టు ఇచ్చే రక్షణ పోగొట్టుకుంటున్నాం. ఆగి ఉన్నప్పుడు పడుకోండి, ఎంతసేపైనా. చక్రాలు తిరుగుతున్నప్పుడు మాత్రం సీటు ఎత్తాల్సిందే.

ఇక్కడ మా బావకీ నాకూ అసలు గొడవొచ్చిన విషయం చెప్పాలి. కాలువలు.

1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక నీళ్లు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకి పారడానికి తవ్విన కాలువలే మనకి అన్నం పెట్టాయి. చాలాచోట్ల ఆ గట్లే మన రోడ్లయ్యాయి. ఒక పక్క పంటకాలువ, ఇంకో పక్క మురుగు కోడో రొయ్యల చెరువో. నల్లమట్టి నేల కాబట్టి మార్జిన్ కుంగుతూ ఉంటుంది. ఎదురు బండికి దారివ్వడానికి చక్రం దింపితే తిరిగి పైకెక్కుతుందన్న హామీ లేదు. రొయ్యల వ్యాన్ల నుంచి కారిన నీళ్లతో తారు జారుతుంది. సార్వా కోతలప్పుడూ దాళ్వా కోతలప్పుడూ సగం రోడ్డు మీద బరకాలు పరిచి ధాన్యం ఆరబోస్తారు, చుట్టూ రాళ్లు పెడతారు. రాత్రిపూట ఆ రాళ్లు కనపడవు. బండి కాలువలో పడిందన్న వార్త ప్రతి ఏడూ వింటాం. వింటూనే పక్క పేజీ తిప్పేస్తాం. ఏ ఎన్‌క్యాప్ పరీక్షలోనూ కాలువ లేదు.

బండి నీళ్లలో పడితే వెంటనే మునగదు. తక్కువ సమయమే అయినా కాసేపు తేలుతుంది. చేయాల్సిందంతా ఆ కాసేపట్లోనే. బెల్టు విప్పుకోవాలి, కిటికీ దింపాలి, పిల్లల్ని ముందు బయటికి తోసి వెనకే మనం వెళ్లాలి. తలుపు తీయడానికి ప్రయత్నించకూడదు. బయటి నీటి ఒత్తిడికి అది రాదు, వస్తే నీళ్లన్నీ ఒక్కసారిగా లోపలికొస్తాయి. పవర్ విండోలు నీళ్లలో కూడా కొద్దిసేపు పనిచేస్తాయి. ఫోన్ చేయడానికి చూస్తూ కూర్చుంటే ఆ కొద్దిసేపూ అయిపోతుంది.

కిటికీ దిగకపోతే? అద్దం పగలగొట్టాలి. అందుకని మా బావ చిన్న సుత్తి ఒకటి కొనిపెట్టుకున్నారు, డ్యాష్‌బోర్డులో. లగ్జరీ బండ్ల సంగతి ఇక్కడే తిరగబడుతుంది. మామూలు బండ్ల పక్క అద్దాలు టెంపర్డ్ గ్లాసు. మూలన సుత్తితో కొడితే పొడిపొడిగా రాలిపోతాయి. ఖరీదైన చాలా బండ్లలో బయటి చప్పుడు లోపలికి రాకూడదని ముందు తలుపులకి, కొన్నిటిలో వెనక తలుపులకి కూడా లామినేటెడ్ గ్లాసు పెడతారు. రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది, ముందు విండ్‌షీల్డుకి ఉన్నట్టే. అది పగిలినా ఊడిరాదు. అమెరికాలో ఏఏఏ అనే వాహనదారుల సంఘం 2019లో మార్కెట్లో దొరికే సుత్తులూ పనిముట్లూ పెట్టి చూస్తే, లామినేటెడ్ అద్దాన్ని ఒక్కటీ ఛేదించలేకపోయింది. నిశ్శబ్దం కోసం పెట్టిన అద్దం కాలువలో తలుపు గడియ అవుతుంది.

"అయితే ఆ అద్దం చెడ్డదంటావా?" అన్నారు బావ. కాదు బావా. హైవే మీద బండి పల్టీ కొడితే మనిషి కిటికీలోంచి బయటికి విసిరేయబడకుండా అదే కాపాడుతుంది. జాతీయ రహదారి 16 మీద తిరిగేవాడికి అది మేలు. గట్టు రోడ్డు మీద రోజూ తిరిగేవాడు మాత్రం తన బండిలో ఏ అద్దం ఎక్కడుందో తెలుసుకుని ఉండాలి. ప్రతి అద్దం కింది మూలలో చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది, టెంపర్డా లామినేటెడా అని. కొనేముందు నాలుగు తలుపులూ చూడండి, డిక్కీ అద్దం కూడా చూడండి. కనీసం ఒకటి టెంపర్డ్ ఉంటే, పగలగొట్టాల్సింది అదేనని ఇంట్లో అందరికీ చెప్పండి. సుత్తి డ్యాష్‌బోర్డులో కాదు, డ్రైవరు చేతికి అందేలా బిగించి ఉండాలి. బండి బోల్తా పడ్డాక డ్యాష్‌బోర్డులో వెతికేదెవరు?

ఆ సాయంత్రం బావ మాట్లాడకుండా తన పాత ఇన్నోవా చుట్టూ తిరిగి అద్దాల మూలలు చదివారు.

డ్రైవరుకి సాయం చేసే ఆడాస్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. తనంతట తాను బ్రేకు వేసేది, వెనక పక్క వచ్చే బండిని అద్దంలో చూపించేది ఉంటే మంచిదే, కత్తిపూడి నుంచి ఒంగోలు వెళ్లే 216 మీద రెండోది బాగా పనికొస్తుంది. గీతలే లేని ఊరి రోడ్డు మీద లేన్ అసిస్ట్‌కి పనేం లేదు. ఆ బ్రేకు కూడా బండ్లనీ మనుషుల్నీ గుర్తుపట్టడానికి నేర్పినది. ధాన్యం చుట్టూ పెట్టిన రాయిని చూసి ఆగుతుందని నమ్ముకోవద్దు.

సౌకర్యం కొలవడానికి నా పద్ధతి ఒకటుంది. ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడని చీరలోనే తీసుకెళ్లి ఎవరి సాయం లేకుండా ఎక్కి దిగమనండి. ఎత్తైన ఎస్‌యూవీలు సగం అక్కడే ఓడిపోతాయి. ఎన్‌ఎక్స్ ఐదుగురికి. అక్కకి, బావకి, అత్తయ్యకి, అమ్మాయి అల్లుడు పిల్ల వస్తే ఆరుగురికి, ఐదు సీట్ల బండి ఎలా సరిపోతుందో నాకు అర్థం కాలేదు. హైక్రాస్ అడుగు మరీ ఎత్తు లేదు, పాత ఇన్నోవాలా చట్రం మీద కట్టింది కాదు కాబట్టి గతుకుల్లో ఊపు తక్కువ. మూడో వరసలో పెద్దవాళ్లు గంటసేపు కూర్చోగలరు, హైదరాబాదు దాకా మాత్రం కాదు. పై వేరియంట్‌కిచ్చే 18 అంగుళాల చక్రాలు ఫొటోల్లో బాగుంటాయి. మన గుంటల్లో టైరు పక్కగోడ ఎంత ఎత్తుంటే నడుముకి అంత మంచిది. ఒక సైజు తక్కువ చక్రం దొరికితే నేనైతే అదే తీసుకుంటాను.

ఇంకొన్ని చిల్లర సంగతులు. పొలాల మధ్య ఇల్లంటే ఎలుకలు బానెట్‌లోకి వస్తాయి, వైర్లు కొరుకుతాయి. హైబ్రిడ్‌లో ఆ వైర్ల ఖరీదు ఎక్కువ, ఎక్కువ వోల్టేజీ పారే నారింజ రంగు కేబుళ్లని ఊళ్లో మెకానిక్కు ముట్టుకోకూడదు. బ్యాటరీ చల్లబడటానికి గాలి పీల్చే జాలీ చాలా హైబ్రిడ్లలో సీటు దగ్గరే ఉంటుంది, దాని మీద సంచీ, దుప్పటి పెట్టొద్దు. హైక్రాస్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది కాబట్టి అది పోతే ఎలా అన్న టెన్షన్ అక్కర్లేదు. బండి దారిలో ఆగితే ముందు చక్రాలు నేల మీద దొర్లేలా తాడు కట్టి లాగించకూడదు, ఫ్లాట్‌బెడ్ లారీయే రావాలి. ఆ లారీ రాజమండ్రి నుంచి వస్తుందా హైదరాబాదు నుంచి వస్తుందా అన్నది డెబ్బై లక్షల బండి కొనేవాళ్లు ముందే అడగాల్సిన ప్రశ్న.

బావ అడిగిన ప్రశ్నకి తిరిగొస్తే, డెబ్బై లక్షలకి కొంత ఎక్కువ సేఫ్టీ వస్తుంది, కాదనను. మంచి ఉక్కు, మంచి లైట్లు, ఎక్కువ సెన్సార్లు. కానీ ఇంతవరకు ఎక్కువ ప్రాణాలు కాపాడిన వస్తువు మూడు చోట్ల పట్టే సీటు బెల్టు. 1959లో వోల్వో ఇంజినీరు నిల్స్ బోలిన్ తయారుచేశాడు, ఆ పేటెంటుని కంపెనీ అందరికీ వదిలేసింది. అందుకే అది ఆల్టోలోనూ ఉంది. 2014లో శోభా నాగిరెడ్డి, 2018లో నందమూరి హరికృష్ణ, 2022లో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ రోడ్డు ప్రమాదాల్లో పోయారు. ముగ్గురూ బెల్టు పెట్టుకోలేదనే వార్తలొచ్చాయి. మిస్త్రీ కూర్చున్నది వెనక సీట్లో, ఆ బండి అల్లుడి జాబితాలోని జీఎల్‌సీకి ముందు తరంది. వెనక బెల్టు పెట్టుకోనివాడు తను పోవడమే కాదు, ముందు కూర్చున్నవాడి మీద వెళ్లి పడతాడు.

వెనక కూడా బెల్టు తప్పనిసరి అని చట్టం ఎప్పటి నుంచో ఉంది. పద్నాలుగేళ్లలోపు పిల్లలకి బెల్టో చైల్డ్ సీటో లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అని 2019లో కలిపారు. మనవాళ్లు బెల్టు బీప్ ఆపడానికి ఉత్త బకిల్ కొనుక్కుంటారు. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్ కంపెనీలతో వాటి అమ్మకం ఆపించాల్సి వచ్చింది. అంత సొగసుగా ఉన్నాం. మా అత్తయ్యకి బెల్టు అంటే చీర నలుగుతుందని కోపం. మునిమనవరాలు చైల్డ్ సీట్లో కూర్చుని "తాతమ్మా, నువ్వూ కట్టుకో" అన్నాక కట్టుకుంటున్నారు. మా మాట అయితే వినేవారు కాదు.

మొత్తానికి హైక్రాస్ హైబ్రిడ్ బుక్ చేశారు, ఒట్టోమన్ లేని వేరియంట్. మిగిలిన డబ్బులో చైల్డ్ సీటు, ఇంజిన్ ప్రొటెక్ట్ వచ్చేశాయి. నాలుగో షరతు సంగతి అడిగితే "తెల్లరంగు కాదులే, కొంచెం వేరేది చెప్పాను" అన్నారు. ముందు బుల్ బారు వేయించుకుందామన్నారు, కేంద్రం వాటిని 2017లోనే నిషేధించిందని చెబితే ఊరుకున్నారు. సీటు కవర్లు కూడా వద్దన్నాను. పక్క ఎయిర్‌బ్యాగు సీటు అంచులోంచి చీల్చుకుని రావాలి, దాని మీద మందపాటి లెదరు కుట్టిస్తే అది దారి వెతుక్కోవాల్సి వస్తుంది. సరే అన్నారు.

ఇక అంతర్వేది నరసింహస్వామి ఇత్తడి విగ్రహం ఒక్కటే మిగిలింది. పాత బండిలో డ్యాష్‌బోర్డు మీద, అక్క కూర్చునే సీటుకి ఎదురుగా అతికించి ఉంటుంది. కొత్త బండిలో సరిగ్గా ఆ చోటే ఎయిర్‌బ్యాగు మూత. అది రెప్పపాటు కంటే ముందు తెరుచుకుంటే మీదున్న ఇత్తడి అక్క మొహానికి తూటాలా వస్తుందని చెప్పాను. "స్వామి మొహానికి కొడతాడా?" అన్నారు బావ. అద్దానికి వేలాడదీసే చిన్న పటం తెస్తానన్నాను. అలా వేలాడితే చూపుకి అడ్డం కాదా అని నన్నే పట్టుకున్నారు. అదీ నిజమే. గేర్ లివరు పక్కనున్న అర దగ్గర ఖాయం చేద్దామని అక్క అంటోంది. కాళ్ల దగ్గర దేవుణ్ని పెడతారా అని అత్తయ్య.